మనది ఏడ వడ్డది?

డిసెంబరు రెండో వారంలో ఒక రాత్రి నాన్న నా గది గుమ్మంలో నిలబడి, "మూడొందలు చేసిండ్రంట కదరా. మనది ఏడ వడ్డది?" అన్నాడు.

నాకు వెంటనే అందలేదు. ఆ పూట ఆఫీసులో ఒక డేటాబేస్ మైగ్రేషన్ సగంలో ఆగిపోయింది. పాత టేబుల్ తీసేశాం, కొత్తది నిండలేదు, నా బుర్రంతా అందులోనే ఉంది. ఆయన అడుగుతున్నది మున్సిపల్ వార్డుల గురించి అని అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. జీహెచ్‌ఎంసీలో 150 ఉన్న వార్డుల్ని 300 చేస్తూ ముసాయిదా వచ్చింది ఆ వారమే.

నాన్న ముప్పై ఏళ్లకు పైగా తపాలా శాఖలో పనిచేశాడు. అందులో ఎక్కువ భాగం సార్టింగ్. ఉత్తరం మీద చిరునామా చూడటం, సరైన గడిలోకి విసరడం. ఏ వీధి అయినా ఆయనకి ఏదో ఒక గడిలో "పడాలి". పడకపోతే అది దిక్కులేని ఉత్తరం. అందుకే ఆయన "మనం ఏ వార్డు" అని అడగలేదు, "ఏడ వడ్డది" అని అడిగాడు.

మా ఇల్లు ఆబిడ్స్‌కీ నాంపల్లి స్టేషన్‌కీ మధ్య ఒక గల్లీలో. గల్లీ పేరు చెప్పను, చెబితే ఇక్కడ రాయబోయే కొన్ని సంగతులు ఎవరివో తెలిసిపోతాయి. నా తోటి వాళ్లందరూ గచ్చిబౌలి, కొండాపూర్ వెళ్లిపోయారు. నేను మాత్రం రోజూ మెట్రోలో అటు వెళ్లి, రాత్రికి ఇటు తిరిగొస్తాను. ఎందుకు అని అడిగితే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు అని చెబుతుంటాను. అసలు కారణం నాన్న ఈ పిన్‌కోడ్ దాటి రానంటాడు. 500001. "పిన్‌కోడ్ పెట్టి యాభై ఏండ్లు దాటింది, ఒక్కపారి మారలే. గీ వార్డు నంబరు చూడు" అంటాడు.

ఆ రాత్రి ఇద్దరం ముసాయిదా తెరిచి కూర్చున్నాం. ప్రతి వార్డుకీ నాలుగు దిక్కుల సరిహద్దులు వాక్యాల్లో ఉన్నాయి. మ్యాపు లేదు, ఏ వార్డులో ఎంత జనాభా ఉందో లేదు. (ఆ రెండూ తర్వాత హైకోర్టు చెప్పాక బయటికొచ్చాయి, అభ్యంతరాల గడువు కూడా రెండు రోజులు పెరిగింది.) ఫలానా జంక్షన్ నుంచి ఫలానా రోడ్డు వెంట ఫలానా నాలా దాకా అని చదువుతుంటే నాకు తల తిరిగింది. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. "ఆగు. అక్కడ ఎడమకు మలిగింది. అంటే టైలర్ దుకాణం అటు, మనం ఇటు." ఆ టైలర్ దుకాణం మూతపడి పదిహేనేళ్లయింది. రెండు గంటల తర్వాత ఆయన తేల్చింది ఏమిటంటే, మా గల్లీకి కుడివైపు ఇళ్లు ఒక వార్డు, ఎడమవైపు ఇళ్లు మరో వార్డు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. మ్యాపు వచ్చాక దాన్ని జూమ్ చేసి చూస్తే గీత సరిగ్గా మా గల్లీ మీదే, గల్లీ కన్నా లావుగా ఉంది.

ఈ గొడవ మాకెందుకు అంటే కింద పార్కింగ్ కోసం. దసరా నుంచి మా అపార్ట్‌మెంట్ కింద బళ్లు పెట్టుకునే చోట ఫోమ్ షీట్లు, రెగ్జిన్ చుట్టలు పేర్చి ఉన్నాయి. గ్రౌండ్ ఫ్లోర్‌ని దుకాణానికి అద్దెకి తీసుకున్నాయన సరుకు. మంచి మనిషే. పండక్కి మా ఇంటికి స్వీట్ డబ్బా పంపుతాడు. "అరె భాయ్, సీజన్ హై, సంక్రాంతి దాకా సర్దుకోండి" అన్నాడు. సంక్రాంతి వెళ్లిపోయింది.

2023 నవంబరు 13న బజార్‌ఘాట్‌లో ఏం జరిగిందో నాంపల్లి వాళ్లకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. అపార్ట్‌మెంట్ కింద నిలవ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పై అంతస్తుల్లో ఉన్న తొమ్మిది మంది చనిపోయారు. మా ఇంటికి నడిచి వెళ్లే దూరం. ఆ రోజు నుంచి అమ్మ మెట్లు దిగుతూ ముక్కుతో వాసన చూస్తూ దిగుతుంది. మేము ఉండేది మూడో అంతస్తు, మెట్లు ఒక్కటే దారి.

అమ్మ కార్పొరేటర్ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎత్తిన కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, మా దగ్గర పవర్ ఫిబ్రవరి పదో తారీకు దాకనే. అప్పటికి మీ బిల్డింగు మా వార్డులనే ఉంటదో లేదో కూడ తెల్వదు. మీరు ఆఫీసుల దరఖాస్తు ఇయ్యిరి." ఒక ఆఫీసుకి వెళితే, సర్కిళ్లు మారుతున్నాయి, ఫైళ్లు సర్దుతున్నాం, పై వారం రమ్మన్నారు. పై వారం వెళితే ఆ పై వారం. ఇందులో ఎవరి దుర్మార్గమూ నాకు కనపడలేదు. మైగ్రేషన్ మధ్యలో ఎవరైనా నన్ను ఒక రికార్డు చూపించమంటే నేనూ ఇదే చెబుతాను. పాత టేబుల్ లేదు, కొత్తది నిండలేదు.

తేడా ఏమిటంటే, నేను ఎప్పటికి నింపాలో మా మేనేజరు తేదీ రాసి పెడతాడు.

సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 2025 నవంబరు ఆఖర్లో రాష్ట్ర మంత్రివర్గం ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, దాన్ని ఆనుకునీ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లని జీహెచ్‌ఎంసీలో కలపాలని నిర్ణయించింది. డిసెంబరు మొదటి వారానికి కలిపేశారు కూడా. సుమారు 650 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా రెండు వేలు దాటింది. ఆరు జోన్లు పన్నెండు, ముప్పై సర్కిళ్లు అరవై. ముసాయిదా, అభ్యంతరాలు, తుది జాబితా అన్నీ ఆ నెలలోనే ముగిశాయి. ఇంత హడావుడికి ఒక సాంకేతిక కారణం ఉంది. రాబోయే జనగణన కోసం దేశమంతా పరిపాలనా సరిహద్దుల్ని డిసెంబరు 31తో స్తంభింపజేయాలి. మా భాషలో కోడ్ ఫ్రీజ్. ఫ్రీజ్‌కి ముందురోజు రాత్రి ఎలాంటి కోడ్ లోపలికి వెళ్తుందో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి తెలుసు. విచిత్రం ఏమిటంటే, కొత్త జనాభా లెక్కల కోసం గడువు పెట్టుకుని గీసిన ఈ వార్డులకి ఆధారం 2011 జనాభా లెక్కలు.

ఇక పాత కౌన్సిల్ సంగతి. అది 2021 ఫిబ్రవరి 11న మొదటిసారి సమావేశమైంది. అయిదేళ్లు అంటే ఈ ఫిబ్రవరి 10తో సరి. నేను ఇది రాస్తున్నది జనవరి మూడో వారంలో. రాష్ట్రంలో మిగతా మున్సిపాలిటీలకి ఓటరు జాబితాలు, రిజర్వేషన్లు తయారవుతున్నాయి, షెడ్యూలు ఇవాళో రేపో అంటున్నారు. వాటిల్లో చాలావాటి గడువు 2025 జనవరిలోనే తీరింది, ఏడాదిగా ప్రత్యేకాధికారుల కింద ఉన్నాయి. హైదరాబాద్ మాత్రం ఆ జాబితాలో లేదు. పైగా ఇప్పుడు కలిపినదాన్ని మళ్లీ మూడు కార్పొరేషన్లుగా చేస్తారని రోజూ పేపర్లో వస్తోంది. నాన్న ఆ వార్త చదివి పేపరు మడిచాడు. "మూటగట్టుడు, విప్పుడు. మా ఆర్‌ఎంఎస్‌ల గిదే పని, కాని మేము రైలు వచ్చేలోపట జేసేది."

ఊళ్లల్లో కథ ఇంకా చిత్రం. పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరింది. బీసీలకి 42 శాతం రిజర్వేషన్ జీవోతో 2025 అక్టోబరు 9 ఉదయం నోటిఫికేషన్ వచ్చింది, అదే రోజు హైకోర్టు ఆ జీవో మీద స్టే ఇచ్చింది, నోటిఫికేషన్ ఆగిపోయింది. నల్లగొండ దగ్గర మా ఊళ్లో మా చిన్నాన్న కొడుకు ఆ ఉదయం డప్పు మాట్లాడుకుని సాయంత్రం వద్దని చెప్పాడు. చివరికి డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగాయి. ఆలస్యానికి ఒక్కో చోట ఒక్కో కారణం. బీసీల వాటా అడగడం చిన్న విషయం కాదు, దాన్నీ వార్డుల గీతల్నీ ఒకే గాటన కట్టను. కానీ చిన్నాన్న ఊళ్లో వీధిలైటు మాడిపోతే రెండేళ్ల పాటు అడగడానికి సర్పంచి లేడన్నది మాత్రం రెండు చోట్లా ఒకటే.

నాన్న దగ్గర ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. అందులో రేషన్ కార్డు జిరాక్సులు, అమ్మ చెవిదిద్దుల రసీదు, వాటితోపాటు ఓటరు చీటీలు. మున్సిపల్ ఎన్నికలవి నాలుగే: 2002, 2009, 2016, 2020. 1986లో ఓటేసింది ఆయనకి గుర్తుంది గానీ చీటీ లేదు. నేను వాటిని మంచం మీద పరిచి మధ్య దూరాలు లెక్కేశాను. 1986కీ 2002కీ మధ్య పదహారేళ్లు. 2002 నుంచి 2009 నవంబరుకి దాదాపు ఎనిమిది. అక్కడి నుంచి 2016 ఫిబ్రవరికి ఆరు దాటి. నలభై ఏళ్లలో అయిదు ఎన్నికలు. అయిదేళ్లకోసారి అనుకుంటే ఎనిమిది జరిగి ఉండాలి.

2002 చీటీని నేను ఎక్కువసేపు చూశాను. అప్పుడు మేయర్‌ని కూడా జనమే నేరుగా ఎన్నుకున్నారు, తర్వాత ఆ పద్ధతి పోయింది. ఆ చీటీ మీద వార్డు నంబరుకీ 2009 చీటీ మీద నంబరుకీ ఏ పోలికా లేదు, ఇల్లు మాత్రం అదే. మధ్యలో జరిగింది ఏమిటంటే, 2007 ఏప్రిల్ 16న వంద వార్డుల పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ పుట్టింది. అప్పుడూ ఇదే కథ: కలిపారు, వార్డులు గీశారు, గీసినవి 150 అయ్యాయి, ఎన్నికలకి రెండున్నరేళ్లు పట్టాయి. అప్పుడు నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను. ప్రత్యేకాధికారి పాలన అనే మాట విన్నట్టే గుర్తులేదు. ఎంసెట్ ర్యాంకు, క్యాంపస్ సెలక్షన్లు, 2008 మాంద్యం. ఊరికి కౌన్సిల్ లేదన్న సంగతి ఊళ్లో ఉన్న నాకు తెలియలేదు. 2014 డిసెంబరులో మళ్లీ గడువు తీరింది. వార్డుల సంఖ్య ఎంత ఉండాలన్న చర్చల మధ్య ఏడాది గడిచి, హైకోర్టు గడువులు పెడితే 2016 ఫిబ్రవరి 2న పోలింగ్ జరిగింది.

అలాగని ఎన్నికలు పెట్టడం మనవాళ్లకి చేతకాదని కాదు. 2020 చూడండి. కౌన్సిల్ గడువు 2021 ఫిబ్రవరి దాకా ఉంది. అయినా 2020 నవంబరు 17న నోటిఫికేషన్, డిసెంబరు 1న పోలింగ్. రెండు వారాలు! కోవిడ్ మధ్యలో, బ్యాలెట్ పేపర్లతో. ఓల్డ్ మలక్‌పేటలో బ్యాలెట్ మీద సీపీఐ గుర్తు బదులు సీపీఎం గుర్తు పడితే రెండు రోజుల్లో రీపోలింగ్ కూడా పెట్టేశారు. గెలిచిన వాళ్లు ప్రమాణం చెయ్యడానికి రెండు నెలలకు పైగా కాచుకుని కూర్చున్నారు, పాతవాళ్ల గడువు ఇంకా మిగిలి ఉంది కాబట్టి. కావాలనుకుంటే ముందే పెట్టగలిగే ఊరు ఇదే.

రాజ్యాంగం ఈ విషయంలో తికమకగా ఏమీ లేదు. 74వ సవరణతో 1993 నుంచి అమల్లో ఉన్న 243యు అధికరణం మున్సిపాలిటీకి మొదటి సమావేశం నుంచి అయిదేళ్లు, అంతకు మించి లేదంటుంది. ఆ గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలంటుంది. అహ్మదాబాద్ కార్పొరేషన్ విషయంలో 2006లో సుప్రీంకోర్టు, ఆ తర్వాత 2022లో మధ్యప్రదేశ్ కేసులో మళ్లీ అదే కోర్టు, వార్డుల పునర్విభజన సాగుతోందన్నది ఎన్నికలు ఆపడానికి సాకు కాదని చెప్పాయి. నేను లాయర్ని కాను, మా ఇంటికి దగ్గర్లో నాంపల్లి కోర్టులున్నాయి తప్ప. కానీ రూలు ఇంత తిన్నగా రాసి ఉండి కూడా పనిచెయ్యకపోవడం కుతూహలంగా అనిపించి వేరే ఊళ్లు చూశాను. చెన్నైలో 2016లో గడువు తీరితే 2022 ఫిబ్రవరిలో ఎన్నికలు. ముంబైలో 2022 మార్చిలో తీరితే మొన్న జనవరి 15న. బెంగళూరులో 2020 సెప్టెంబరులో తీరింది, ఇప్పటికీ లేవు. ఈలోగా ఆ నగరాన్ని అయిదు కార్పొరేషన్లు చేశారు. మా టీమ్‌లో బెంగళూరు కుర్రాణ్ని మీ కార్పొరేటర్ ఎవరని అడిగితే, "ఆ పోస్టు ఇంకా ఉందా?" అన్నాడు. వాడు ఉద్యోగంలో చేరాక అక్కడ కార్పొరేటర్లే లేరు. వాడి తప్పేముంది?

ఇంగ్లండ్‌లో సర్రేలో ఉండే మా బావమరిదికి చెబితే నవ్వాడు. అక్కడా కౌన్సిళ్లని పునర్వ్యవస్థీకరిస్తున్నారని 2025 మేలో జరగాల్సిన కౌంటీ ఎన్నికల్ని కొన్నిచోట్ల ఏడాది వాయిదా వేశారట. రద్దు కాబోయే కౌన్సిల్‌కి ఎన్నికలెందుకు అన్నది వాళ్ల వాదన. వినడానికి సబబుగానే ఉంది. కానీ వాళ్లకి వాయిదా ఏ మే దాకానో ముందే చెప్పారు, పాత సభ్యులు అందాకా కుర్చీలో ఉంటారు. ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఒకడు ఉంటాడు.

మొన్న శనివారం నాన్నని నుమాయిష్‌కి తీసుకెళ్లాను. ఏటా జనవరిలో నాంపల్లి ట్రాఫిక్ స్తంభించిపోతుంది కాబట్టి నడిచే వెళ్లాం. ఆ దారిలో ఒకటి గమనించాను, ముప్పై ఆరేళ్లుగా ఇక్కడే తిరుగుతూ ఎప్పుడూ అనుకోనిది. గాంధీభవన్, బీజేపీ రాష్ట్ర కార్యాలయం, కొంచెం అటు పోతే ఆగాపురాలో మజ్లిస్ దారుస్సలాం. మూడు పార్టీల గుండెకాయలు మా ఇంటి నుంచి కాలినడకన తిరిగిరాగల దూరంలో ఉన్నాయి. ఊరి ఎన్నికలు ఎప్పుడో నిర్ణయించేవాళ్లు, అడిగేవాళ్లు, తిట్టేవాళ్లు అందరూ మా ఇరానీ హోటల్లోనే చాయ్ తాగుతారు. మా పార్కింగ్‌లో ఫోమ్ షీట్ల గురించి ఎవరికి చెప్పాలో మాత్రం తెలియదు.

చాయ్ దగ్గర నాన్న మాడపాటి హనుమంతరావు గారి ఊసెత్తాడు. తెలుగు చదువుకున్నవాళ్లకి ఆయన ఆంధ్రోద్యమ చరిత్రకారుడు, సుల్తాన్‌బజార్ శ్రీకృష్ణదేవరాయ భాషానిలయంలో పటం. హైదరాబాద్‌కి మొదటి మేయర్ కూడా ఆయనే, 1951లో. "చదువుకున్నోళ్లు మోరీల గురించి మాట్లాడేటోళ్లు అప్పుడు" అన్నాడు నాన్న. అది నన్ను ఉద్దేశించి అన్న మాటే. ఆదివారాలు పుస్తకాలు కొని వాటి మీద సమీక్షలు రాసే కొడుకు మోరీ గురించి ఎప్పుడు మాట్లాడాడని.

ఆయన అనడానికి కారణం ఉంది. ఆ నాలుగు చీటీల్లో 2020ది ఆయనది ఒక్కటే. అమ్మకి ఆ వారం జ్వరం. నాకేమీ లేదు. డిసెంబరు 1 మంగళవారం, ఆఫీసుకి సెలవు. నేను ఒక అనువాద నవల మీద వ్యాసం పూర్తి చేస్తూ ఇంట్లో కూర్చున్నాను. జనంలోకి వెళ్లడం ఎందుకు, కోవిడ్ అని చెప్పాను. దాదాపు డెబ్భై ఏళ్ల మనిషి మాస్కు రెండు పొరలు కట్టుకుని వెళ్లి వేలి మీద సిరా వేయించుకుని వచ్చాడు. ఏమీ అనలేదు. ఆ ఎన్నికలో ఊరి మొత్తం మీద సగం మంది కూడా ఓటు వెయ్యలేదు, నేను ఆ సగంలో పడ్డాను. అప్పుడు నాకది ఒక అభిప్రాయంలా కూడా అనిపించింది, వీళ్లలో ఎవరైతే ఏం అని. ఇప్పుడు ఎన్నిక ఎప్పుడో తెలియనప్పుడు మాత్రం అడుగుతున్నాను. నాలాంటివాళ్లు గచ్చిబౌలి దాకా కొన్ని లక్షల మంది ఉంటారు. ఆలస్యం చెయ్యడానికి ఎవరూ భయపడకపోవడంలో మా వాటా ఎంతో నేను లెక్క కట్టలేదు.

నిన్న నాన్న దరఖాస్తు రాశాడు. టైపు చేసిస్తానంటే వద్దన్నాడు. తెల్ల కాగితం మీద, మార్జిన్ మడిచి, పార్కింగ్‌లో సరుకు, మెట్ల దారి, మూడంతస్తుల్లో ఎన్ని కుటుంబాలు, పిల్లలెందరు, అన్నీ. రెండు ప్రతులు తీశాడు. ఒకటి కార్పొరేటర్ పేరు మీద కవరులో పెట్టి ఆబిడ్స్ జీపీఓకి నడిచాడు, నేనూ వెంట వెళ్లాను. కౌంటర్లో అలవాటుగా "రిజిస్ట్రీ" అన్నాడు. రిజిస్టర్డ్ పోస్టు నిరుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయిందని లోపలి అమ్మాయి చెప్పింది. తెలియక కాదు, ఆయనకి ఆ మాట ఇంకొకరి నోట వినాలని ఉంటుంది. "గిది గూడ కలిపిండ్రు" అని నా వైపు చూసి డబ్బులు కట్టాడు.

రెండో కవరు ఇంటికి తెచ్చుకున్నాడు. స్టాంపు అంటించి, మా చిరునామా రాసి, పిన్‌కోడ్ గళ్లలో 500001 వేసి, 'టు' దగ్గర ఖాళీ ఉంచాడు. అది ఇప్పుడు బిస్కెట్ డబ్బాలో ఓటరు చీటీల మీద ఉంది. పదకొండో తారీఖు పొద్దున పేపరు చూసి రాస్తాడట.

కింద ఫోమ్ షీట్ల మీద ఎవరో కొత్త టార్పాలిన్ కప్పారు. మా స్కూటర్ ఇంకా గల్లీలోనే పెడుతున్నాను, కుడివైపు.